అంబాసిడర్ సైలెన్సర్ గొట్టం: మోత ఒక్కటే కాదు సంగతి



ఈసారి వరి గురించో మిర్చి గురించో కాదు, ఒక ఇనప గొట్టం చరిత్ర రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చివర్లో చెప్పేది కారున్నవాళ్ళకే కాదు, పొలంలో ఆయిల్ ఇంజన్ వాడే ప్రతి ఒక్కరికీ పనికొస్తుంది.

మా కొట్టంలో నాన్నగారి అంబాసిడర్ ఉంది. 1972 మోడల్, మార్క్ 2. ఏడాదిలో నాలుగైదు సార్లు తప్ప బయటికి రాదు. మొన్న మా మేనల్లుడు పెళ్ళి కుదరగానే వచ్చి, "మావయ్యా, పెళ్ళికూతుర్ని తాతయ్య కారులోనే తీసుకురావాలి" అన్నాడు. సరే అని స్టార్ట్ చేస్తే ట్రాక్టర్ కంటే ఎక్కువ మోత. కింద దూరి చూస్తే సైలెన్సర్ డబ్బాకి అరచెయ్యంత బొక్క. ముందు గొట్టం ఇంజన్‌కి కలిసే చోట నల్లగా మసి. తెలిసిన మెకానిక్ ఒకాయన చూసి, "రేకు ముక్క వేసి వెల్డింగ్ పెట్టేస్తా, పెళ్ళి అయ్యేదాకా ఆగుద్దిలే" అన్నాడు.

నేను ఒద్దన్నాను. ముందు నుంచి వెనక దాకా మొత్తం గొట్టం మార్పించాను. "మోతే కదా, దానికంత ఖర్చెందుకు?" అని ఇంట్లోవాళ్ళూ అడిగారు, రచ్చబండ దగ్గరా అడిగారు. అందరికీ ఒకేసారి జవాబు చెబుదామని కూర్చున్నాను.

ముందు కారు సంగతి.

హిందుస్థాన్ మోటార్స్‌ని 1942లో బిర్లాలు పెట్టారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బెంగాల్‌లోని ఉత్తరపారాకి మారింది. ఇంగ్లండులోని మోరిస్ కంపెనీ కార్లనే ఇక్కడ మన పేర్లతో చేసేవాళ్ళు. ఆ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే 1957-58లో మనకి అంబాసిడర్ అయింది. 1959లో దానికి 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజన్ పెట్టారు. ఇంగ్లండులో ఆ మోడల్ కొన్నేళ్ళకే ఆగిపోయింది. మన దగ్గర మాత్రం పైపై మార్పులతో 2014 మే నెల దాకా తయారైంది.

ఇన్నాళ్ళు ఎందుకు నిలిచింది? లైసెన్సుల కాలంలో వేరే కారు దొరక్కపోవడం ఒక కారణం. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులవి. రెండో కారణం మనకి బాగా తెలిసిందే. ఏ ఊళ్ళో ఆగిపోయినా, చెట్టు కింద నాలుగు పానాలు, ఒక సుత్తి పెట్టుకున్న మనిషి దాన్ని బాగుచేసి పంపేవాడు. పెళ్ళిళ్ళకి, కాన్పులకి, ఆసుపత్రికి, ఎన్నికల ప్రచారానికి అన్నిటికీ అదే. వెనక ముగ్గురు కూర్చోవాల్సిన చోట ఆరుగురు, ఒళ్ళో పిల్లలు. ఈ పిల్లల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఇప్పుడు గొట్టం సంగతి.

ఇంజన్ సిలిండర్‌లో పెట్రోలు మండితే గ్యాసు ఎంతో ఒత్తిడితో బయటికి తన్నుకొస్తుంది. వాల్వ్ తెరిచిన ప్రతిసారీ ఒక చిన్న పేలుడు బయటపడ్డట్టే. తొలినాళ్ళ మోటారు బళ్ళు రోడ్డెక్కినప్పుడు ఆ మోతకి గుర్రాలు బెదిరి బళ్ళు లాక్కుపోయేవి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని కొలంబస్ ఊళ్ళో మిల్టన్ రీవ్స్ అని ఒకాయన 1896లో సొంతంగా మోటారు బండి చేశాడు. దాని మోత తగ్గించడానికి ఆయనా, ఆయన అన్నదమ్ముడూ కలిసి చేసిన మఫ్లర్‌కి 1897లో పేటెంటు వచ్చింది. మనం సైలెన్సర్ అంటున్నది దాన్నే. ఆ అన్నదమ్ములు కంపుకోత మిల్లుల్లో రంపాల వేగం పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలయ్యే బెల్టు పుల్లీలు చేసి పైకొచ్చినవాళ్ళు. అదే పద్ధతి పుల్లీ ఈనాటికీ మన వరికోత మిషన్లలో ఉంది. చూశారా, చుట్టాలే!

సైలెన్సర్ పనిచేసే తీరు రైతుకి చెప్పడం తేలిక. ఇరుకు కాలవలో ఉరికొచ్చే నీళ్ళు చెరువులో పడగానే ఉధృతి పోయి నెమ్మదిస్తాయి కదా. అలాగే సన్న గొట్టంలోంచి వచ్చే గ్యాసు పెద్ద డబ్బాలో పడి విచ్చుకుంటుంది. లోపలి రేకులకి, బెజ్జాలకి తగిలి, దడదడమనేది కాస్తా బుసబుసగా మారి వెనక గొట్టంలోంచి పోతుంది.

సైలెన్సర్ బండి బలాన్ని తినేస్తుందని మొదట్లో డ్రైవర్లు నమ్మేవాళ్ళు. అందుకని పాత కార్లలో కటౌట్ అని ఒక మీట ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు దాన్ని లాగితే గ్యాసు సైలెన్సర్‌లోకి పోకుండా నేరుగా బయటికి వెళ్ళిపోయేది. జనం గోల భరించలేక చాలా నగరాలు దాన్ని నిషేధించాయి. ఈనాడు బుల్లెట్ బండ్ల సైలెన్సర్లు పీకేసి తిరిగే మన కుర్రాళ్ళు అదేదో కొత్తగా కనిపెట్టామనుకుంటున్నారు గానీ, వందేళ్ళ కిందటి పిచ్చే అది. మన దేశంలో 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 120వ నిబంధన ప్రకారం ప్రతి మోటారు వాహనానికీ సైలెన్సర్ ఉండాల్సిందే. అందులో వ్యవసాయ ట్రాక్టర్ అని పేరు పెట్టి మరీ రాశారు.

మరి నెలల తరబడి కొట్టంలో ఊరికే ఉన్న కారుకి బొక్క ఎలా పడింది? ఇక్కడే చాలామంది పొరబడతారు. "తిప్పకపోతే అరగదు కదా" అంటారు. సైలెన్సర్ విషయంలో అది తిరగబడుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఆవిరిగా వస్తుంది కాబట్టి మనకి కనపడదు. బండి గంట సేపు పరిగెడితే గొట్టమంతా కాగి, ఆ ఆవిరి బయటికి పోతుంది. పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే మాత్రం చల్లటి డబ్బాలో నీరై అడుగున నిలుస్తుంది. దానికి మసి, పెట్రోల్లోని గంధకం తోడై పులుపెక్కుతుంది. అలా లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. బయటినుంచి చూస్తే బాగానే ఉంటుంది, సుత్తితో తడితే రేకు లోపలికి పోతుంది. రోజూ తిరిగే టాక్సీ సైలెన్సర్ కంటే కొట్టంలో ఉన్న కారు సైలెన్సర్ ముందు పోవడానికి ఇదే కారణం. నెలకోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపేసే అలవాటు నాకూ ఉండేది. మంచి చేస్తున్నా అనుకున్నాను, చేసింది చెడు.

సరే, తుప్పు పట్టింది, బొక్క పడింది. మోత తప్ప నష్టమేంటి?

నష్టం ఆ గ్యాసులో ఉంది. పెట్రోలు పూర్తిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగు ఉండదు, వాసన ఉండదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన నెత్తురు ప్రాణవాయువుని పట్టుకునే దానికంటే రెండు వందల రెట్లకి పైగా బలంగా దీన్ని పట్టుకుంటుంది. ఇక ప్రాణవాయువుకి చోటుండదు. ఈ సంగతిని 1850ల్లో ఫ్రాన్సులో క్లాడ్ బెర్నార్డ్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు. తర్వాత 1896లో బ్రిటన్‌లో జాన్ స్కాట్ హాల్డేన్ అనే ఆయన బొగ్గు గనుల పేలుళ్ళలో పోయినవాళ్ళ మీద నివేదిక రాశాడు. ఎక్కువమంది పేలుడుకి కాదు, తర్వాత పీల్చిన ఈ గ్యాసుకే పోయారని తేల్చాడు. మనిషికంటే ముందు చిన్న ప్రాణికి తెలుస్తుంది కాబట్టి ఎలుకనో పిట్టనో గనిలోకి తీసుకెళ్ళమన్నాడు. అప్పటి నుంచి కానరీ పిట్టలు బొగ్గు గనుల్లోకి వెళ్ళాయి. బ్రిటన్‌లో 1986 దాకా ఆ పద్ధతి సాగింది.

చిన్న ప్రాణికి ముందు తెలుస్తుంది అన్న మాట చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకో చెబుతాను.

నా చిన్నప్పుడు మాఘమాసంలో ఒక పెళ్ళికి ఇదే కారులో వెళ్ళాం. రాత్రి ప్రయాణం, చలి. అద్దాలన్నీ ఎక్కించేశాం. వెనక సీట్లో పెద్దవాళ్ళు నలుగురు, వాళ్ళ ఒళ్ళో మేం నలుగురు పిల్లలం. కారు అప్పటికే మోత చేస్తోంది, "సైలెన్సర్ కొంచెం పోయింది, తర్వాత చూద్దాం" అనుకున్నారు. రెండు గంటలకి మాలో ఇద్దరికి వాంతులు. మా చెల్లెలు ఎంత లేపినా లేవలేదు. కంగారుపడి కారాపి, పిల్లల్ని కిందకి దింపి, గాలికి పడుకోబెట్టి, మొహాన నీళ్ళు కొట్టారు. కాసేపటికి తేరుకుంది. మర్నాడు అమ్మమ్మ ఎర్రనీళ్ళు తీసి దిష్టి పోసింది. "పెళ్ళిలో అందరి కళ్ళూ పిల్ల మీదే ఉన్నాయి" అంది. మేమంతా అదే నమ్మాం. కారు మాత్రం ఇంకో ఆర్నెల్లు అలాగే తిరిగింది.

అది ఈ గ్యాసేనని డాక్టరెవరూ చెప్పలేదు, ఎవరూ పరీక్ష చెయ్యలేదు. కానీ తలనొప్పి, వాంతులు, మత్తు, గాలిలోకి రాగానే తేరుకోవడం, అందులోనూ పిల్లలకి ముందు రావడం, ఈ లక్షణాలన్నీ దానివే. ఆ రోజు కారు ఆపకుండా "నిద్రపోనియ్యండి" అని ఎవరైనా అనుంటే? ఆ చెల్లెలి కొడుకే ఇప్పుడు పెళ్ళికొడుకు. వాడి పెళ్ళికూతుర్ని రేకు ముక్క అతికించిన గొట్టం మీద కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు.

ఇక మార్చిన పద్ధతి చెబుతాను. పాత కారో జీపో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది.

అంబాసిడర్ పొగగొట్టం మూడు భాగాలు. ఇంజన్ నుంచి కిందకి దిగే ముందు గొట్టం, మధ్యలో సైలెన్సర్ డబ్బా, వెనక ఇరుసు దాటి బంపర్ దాకా పోయే తోక గొట్టం. కంపెనీ ఆగిపోయినా విడిభాగాలు వెతికితే దొరుకుతున్నాయి. నాకు డబ్బా దొరికింది, గొట్టాలు మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో పాతవాటి కొలతకి వంపు తీయించాను. అందుకే పాత గొట్టం ఎంత తుప్పుపట్టినా కొత్తది బిగించేదాకా పారెయ్యొద్దు. అచ్చు అదే.

మొదటి జాగ్రత్త ప్రాణానికి. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన కారు కింద ఎప్పుడూ దూరొద్దు. చక్రాలకి రాళ్ళు పెట్టి, రెండు పక్కలా గట్టి స్టాండ్లు గానీ చెక్క దిమ్మలు గానీ వేశాకే దూరాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి.

రెండోది, నట్లతో తొందరపడొద్దు. ముందు గొట్టం బిగించిన స్టడ్లు ఏళ్ళ తరబడి కాగీ కాగీ నట్టూ స్టడ్డూ ఒకటైపోతాయి. ముందురోజు సాయంత్రం తుప్పు వదిలే నూనె గానీ, కిరసనాయిలు గానీ పోసి నానబెట్టాలి. పొద్దున్నే కొంచెం బిగించి, కొంచెం వదులు చేసి, అలా ఆడిస్తూ తియ్యాలి. సుత్తితో కొడితే పైనున్న పోత ఇనుము మానిఫోల్డ్ పగులుతుంది. వంద రూపాయల పని వేలల్లోకి పోతుంది. గ్యాసుతో కాల్చాల్సొస్తే పెట్రోలు ట్యాంకు, పెట్రోలు గొట్టం ఎక్కడున్నాయో చూసుకుని, పక్కన నీళ్ళు, ఇసుక పెట్టుకుని తెలిసినవాడితోనే చేయించాలి.

మూడోది, పాత గ్యాస్కెట్ మళ్ళీ వాడొద్దు. ఒకసారి నలిగింది మళ్ళీ గాలి ఆపదు. నట్లు ఇత్తడివి వేయించండి, పదేళ్ళ తర్వాత విప్పేవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

నాలుగోది, ఒక్కో జాయింటు బిగించుకుంటూ పోవద్దు. మూడు భాగాలూ వదులుగా తగిలించి, రబ్బరు పట్టీలకి వేలాడదీసి, ఎక్కడా నేలరేకుకి, బ్రేకు గొట్టానికి, ఇరుసుకి తగలకుండా సరిచూసుకోవాలి. అప్పుడు ముందు నుంచి వెనక్కి వరసగా బిగించాలి. వెనక ఇరుసు కమాను పట్టీల మీద పైకీ కిందకీ ఆడుతుంది. అందుకని వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి ఇంకోసారి సందు చూసుకోండి. ఖాళీ బండికి సరిపోయిన సందు నిండు బండికి చాలదు.

ఐదోది, రబ్బరు పట్టీల బదులు ఇనప తీగ చుట్టొద్దు. ఇంజన్ రబ్బరు దిమ్మల మీద ఊగుతూ ఉంటుంది. గొట్టాన్ని కదలకుండా కట్టేస్తే ఆ ఊగుడంతా ముందు జాయింటు మీద పడి అక్కడ పగులు తీస్తుంది. మా కారుకి జరిగింది అదే. ఎప్పుడో ఎవరో తీగతో కట్టారు. మసి అక్కడే పట్టింది.

ఆరోది, తోక గొట్టం బంపర్ దాటి బయటికి రావాలి. పరిగెత్తే బండి వెనక గాలి సుడి తిరుగుతుంది. గొట్టం కారు కిందే ఆగిపోతే ఆ గ్యాసు డిక్కీ సందుల్లోంచి, నేలరేకు బొక్కల్లోంచి లోపలికి ఎక్కుతుంది. అందుకే గొట్టంతోపాటు నేలరేకులో తుప్పు బొక్కలన్నీ పూడ్పించాను.

చివరిగా పరీక్ష. బయట ఆరుబయలులో స్టార్ట్ చేసి, తడిగుడ్డ మడతతో తోక గొట్టాన్ని రెండు మూడు క్షణాలు మూసి చూడాలి. ఎక్కడైనా కారుతుంటే ఆ జాయింటు దగ్గర బుస్సుమంటుంది. ఒక ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చి, చల్లారాక నట్లన్నీ ఇంకోసారి బిగించాలి. కాగి చల్లారితే కొంచెం వదులవుతాయి.

ఆ గొట్టం నుంచి వచ్చే విషం ఇదొక్కటే కాదు. మొన్నమొన్నటి దాకా పెట్రోల్లో సీసం కలిపేవాళ్ళు. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ కనిపెట్టిన పద్ధతి అది, ఇంజన్ కొట్టుకోకుండా ఉండటానికి. ఆ సీసమంతా గొట్టంలోంచి గాలిలోకే పోయేది, పిల్లల మెదళ్ళకి చేటు. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో సీసం లేని పెట్రోలు వచ్చింది. అక్కడ అమ్మే కొత్త పెట్రోలు కార్ల గొట్టంలో విషవాయువుల్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ పెట్టాలన్నారు. 2000 ఫిబ్రవరి నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలే. మా 1972 బండికి ఆ కన్వర్టర్ లేదు. లోపల పుట్టిన విషం పుట్టినట్టే బయటికొస్తుంది. పాత బండికి గొట్టం మరింత గట్టిగా ఉండాలనేది అందుకే.

2021లో కేంద్రం యాభై ఏళ్ళు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బళ్ళని వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చని నిబంధనలు తెచ్చింది. నంబరులో వి.ఎ. అని వస్తుంది. అయితే అలా నమోదైన బండిని ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి తప్ప రోజువారీ తిప్పకూడదు. మాది ఇంకా మామూలు రిజిస్ట్రేషనే. వింటేజ్ చేయించాలా వద్దా అన్నది పెళ్ళయ్యాక ఆలోచించాలి.

ఇప్పుడు మొదట్లో చెప్పిన మాట. ఇది కారు లేనివాళ్ళకి.

నేల మీద పెట్టిన పంపు ఏడెనిమిది మీటర్ల లోతుకి మించి నీళ్ళు పీల్చలేదు. అందుకని నీళ్ళు అడుగంటినప్పుడు మన పెద్దలు ఆయిల్ ఇంజన్నే బావి లోపల గట్టు మీదికి దించేవాళ్ళు. బావిలో గాలి తిరగదు. ఇంజన్ పొగ అక్కడే నిలుస్తుంది. ఇంజన్ ఆపడానికి దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి పట్టుకోవడానికి దిగిన తమ్ముడూ పడిపోతాడు, వాళ్ళ కోసం దిగిన మూడోవాడూ పడిపోతాడు. ఇలాంటి కబురు వినని ఊరు అరుదు. బోర్లు, కరెంటు మోటార్లు వచ్చాక తగ్గింది గానీ పోలేదు. పూడిక తీయడానికి చిన్న పెట్రోలు పంపు బావిలోకి దించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కరెంటు పోతే జనరేటర్‌ని గదిలో పెట్టి తలుపేసేవాళ్ళూ ఉన్నారు.

దయచేసి ఇంజన్ని బావిలోకి దించొద్దు, మూసిన గదిలో నడపొద్దు. ఎవరైనా పడిపోతే వెంటనే దిగొద్దు. 108కి, ఫైరింజన్‌కి ఫోన్ చేసి, పైనుంచి తాడుతో లాగే దారి చూడండి. బయటికి తెచ్చినవాళ్ళు తేరుకున్నట్టు కనపడినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కారులో పిల్లలు అదేపనిగా నిద్రపోతుంటే, తలనొప్పి అంటుంటే, అద్దాలు దించి, బండి ఆపి, కిందకి దింపి చూడండి. దిష్టి తర్వాత తీయొచ్చు.

మా కారు ఇప్పుడు పిల్లిలా నడుస్తోంది. వచ్చే నెల మొదటి వారంలో పెళ్ళి. ఆ రోజు అద్దాలు దించే తీసుకొస్తాను. ఎండాకాలమే కదా, గాలి తగులుతుంది.

మీ ఇంట్లో పాత కారో, బావి దగ్గర పాత ఇంజనో ఉంటే ఈ ఆదివారం ఒకసారి కిందకి వంగి ఆ గొట్టం చూడండి. సుత్తితో మెల్లగా తట్టి చూడండి. ఉంటాను.